రెండు సీట్ల కారూ, నమ్మకమైన మెకానిక్కూ

పాత స్పోర్ట్స్ కారు ఉండి, దానికి నమ్మకమైన మెకానిక్ దొరక్క ఊరంతా తిరుగుతున్న మనిషి ఎదురైతే మీరేం చేస్తారు? అయ్యో పాపం అంటారు. నాకైతే అసూయ. అంతటి అదృష్టవంతుడు ఇంకొకడు లేడని నా వాదన. కావాలంటే మా బావని చూడండి.

బావ దగ్గర ఎర్రటి రెండు సీట్ల కారుంది. అది వయసులో మా అక్క కంటే పెద్దది. అలగడంలోనూ అక్క దాని ముందు బలాదూరే. అమ్మినవాడు తాళాలు చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయాడట. బావకి అనుమానం రాలేదు. ప్రేమలో పడ్డవాడికి ఎందుకొస్తుంది?

ఆ కారు బాగుండి ఉంటే ఏమయ్యేది? పొద్దున ఎక్కేవాడు, సాయంత్రం దిగేవాడు. అదీ ఒక జీవితమేనా? పాడైంది కాబట్టే కదా, ఇంతమంది పెద్దమనుషులతో పరిచయం కలిగింది!

మొదటి మెకానిక్ బానెట్ ఎత్తి, లోపలికి చూసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎవరండీ దీని మీద చెయ్యేసింది?" అన్నాడు. రెండో మెకానిక్ సరిగ్గా అదే మాట అన్నాడు, మొదటివాడి గురించి. ఆ తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా అదే మాట. ఒకే వృత్తిలో ఉన్నవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడటం ఈ రోజుల్లో ఇంకెక్కడైనా చూశారా?

ఒకాయన కార్బొరేటర్ బాగుచేస్తే వైపర్లు ఆగిపోయాయి. ఇంకొకాయన వైపర్లు బాగుచేశాడు. అప్పట్నించి స్టీరింగ్ ఎడమకి తిప్పితే హారన్ మోగేది. బావ వెరవలేదు. అన్నీ కుడి మలుపులే ఉండే దారి కనిపెట్టి ఆఫీసుకి వెళ్లాడు. పుట్టిపెరిగిన ఊరు ఇంత పెద్దదని ఆయనకి అప్పుడే తెలిసింది.

అద్దాల గోడల సర్వీస్ సెంటర్‌లో టై కట్టుకున్న ఇంజనీరు లాప్‌టాప్ వైరు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. వంగి కిందికీ చూశాడు.

"సార్, ఇది ఎక్కడ పెట్టాలి?"

"లాప్‌టాప్‌లు పుట్టకముందు కారండీ ఇది."

"అయితే మా సిస్టమ్‌లో ఈ కారు లేనట్టే సార్," అని, మంచి కాఫీ ఇచ్చి పంపాడు.

ఇన్ని లాభాల్లో ఒక్కటీ అక్క కంటికి ఆనలేదు. ఆ కారులో కూర్చున్నదానికంటే దాన్ని వెనకనించి తోసిందే ఎక్కువ మరి.

"ఈ పెళ్లిరోజుకి నన్ను అందులో సముద్రం దాకా తీసుకెళ్లండి. మధ్యలో దిగి తోసే పని పెట్టకూడదు. అది కాకపోతే మర్నాడే అమ్మేస్తాను," అంది.

గొంతు పెంచకుండా అంది. బావకి చెమటలు పట్టింది అందుకే.

ఆ కంగారులో బావ, మనిషన్నవాడు చేయకూడని పని చేశాడు. నమ్మకమైన మెకానిక్‌ని వెతికి పట్టుకున్నాడు.

ఈ రకం కార్లు తప్ప ఇంకోటి ముట్టని స్పెషలిస్టు. షెడ్డుకి బోర్డు లేదు. నేల మీద నూనె చుక్క లేదు. బానెట్ జోలికి వెళ్లకుండా, బావనే రెండు వీధులు నడపమని, పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"క్లచ్ మీద నించి కాలు తియ్యరేం?"

"అలవాటండీ."

"ఎన్నాళ్ల నించీ?"

బావ రోడ్డు వైపు చూశాడు.

"కారు బాగుపడుతుంది," అన్నాడు స్పెషలిస్టు దిగుతూ. "మీ సంగతే చెప్పలేను."

అక్కర్లేని పార్టు ఒక్కటీ మార్చలేదు. కారు కోలుకుంది. ఇంటికి మాత్రం రాలేదు. ఎప్పుడడిగినా "ఇంకా ట్రయల్ అవ్వలేదు" అన్నాడు. హాస్టల్లో ఉన్న పిల్లని చూడబోయినట్టు బావ వారం వారం షెడ్డుకి వెళ్లి, అద్దం తుడిచి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఫోన్.

"ఇవాళ ఎలా ఉందండీ?"

"హాయిగా పరిగెత్తింది. మీరు రాకండి, దాని నిద్ర చెడుతుంది."

మోసగాడైతే నాలుగు తిట్టి కారు తెచ్చుకోవచ్చు. మోసగాడి ముందు మీరెప్పుడూ యజమానే. నిజాయితీపరుణ్ని ఏమని తిడతారు? దొరికినవాణ్ని నమ్మొచ్చా లేదా అని మనం బుర్ర బద్దలుకొట్టుకుంటాం. వాడు మనల్ని నమ్ముతాడా అని ఎవరైనా ఆలోచించారా?

పెళ్లిరోజు రానే వచ్చింది. ఇద్దరూ కొత్త బట్టలు కట్టుకుని షెడ్డుకి వెళ్లారు. గేటు దగ్గర కారు మెరిసిపోతోంది. బావ తాళాల కోసం చెయ్యి చాపాడు.

"కొత్త క్లచ్ వేశానండీ," అన్నాడు స్పెషలిస్టు, తాళాలు జేబులోంచి తీయకుండానే. "సముద్రం దాకా మీ కాలి కింద బతకదు."

"కారు నాది."

"కాదన్నానా? కాగితాల్లో మీదే."

అక్క కారు వైపు చూసింది, ఎండ వైపు చూసింది. "పండగలాంటి రోజున పంతాలెందుకండీ? ఆయన్నే నడపనివ్వండి. నేను కూర్చుంటాను."

"మరి నేను?"

"రెండు సీట్ల కారు కొన్నదెవరు?" అంది అక్క, తలుపు తీసుకుని కూర్చుంటూ.

బావ సముద్రానికి బస్సులో వెళ్లాడు. సగం దారిలో ఎర్ర కారు కిటికీ పక్కనించి మెత్తగా దూసుకుపోయింది. లోపల అక్క, జుట్టు ఎగురుతుంటే నవ్వుతోంది. బావ ఉండబట్టలేక పక్కాయన భుజం తట్టి "ఆ కారు నాదేనండీ" అన్నాడు. పక్కాయన ఆయన్ని ఎగాదిగా చూసి, సంచీ ఒళ్లోకి తీసుకున్నాడు.

బస్సు దిగేసరికి అక్క బానెట్‌కి ఆనుకుని అలలు చూస్తోంది. బావని చూసి ఎదురొచ్చింది. ఆ ముఖం అంత వెలిగిపోవడం పెళ్లయ్యాక బావ చూడనేలేదు.

"అమ్మొద్దులెండి," అంది. "ఇన్నేళ్లూ లోపం కారులో ఉందనుకున్నాను."