విడుదలైనవాడి పథ్యం

తిండి విషయంలో సుఖపడాలంటే జైలు నుంచి విడుదల కావాలండీ! ఇంతకు మించిన దారి నాకు తెలియదు. నవ్వకండి, ఈ జ్ఞానప్రకాశం స్వానుభవంతో చెబుతున్నాడు.

మా గోదావరి జిల్లాల్లో మనిషిని ముంచేది జబ్బు కాదు, మర్యాద. ఎవరింటికి వెళ్లినా కాజా తినాలి, వద్దంటే ఇంకో రెండు తినాలి. భోజనానికి కూర్చుని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తారు. ఇంతటి ఆపద నుంచి నన్ను కాపాడిందేమిటి? విడుదల! ఇప్పుడు నన్ను గుమ్మం లోపలికి రమ్మనేవారే లేరు.

మరి వంట? ఆ బాధా లేదు. రాజమండ్రిలో నాకు గది అద్దెకిచ్చిన బుల్లిరాజు గారు ఎంతో ముందుచూపు ఉన్నవారు. పొయ్యి వద్దన్నారు, కత్తిపీట అసలే వద్దన్నారు. అయ్యా, నాది సొసైటీలో దొంగసంతకం కేసు, నేరం చేసింది పెన్నుతో అని మనవి చేసుకున్నాను. ఆయన బాగా ఆలోచించి, పెన్ను మాత్రం ఉంచుకోమన్నారు. ఈ కాలమ్ దాంతోనే రాస్తున్నాను.

పొయ్యి లేనివాడికి పునుగుల బండే గతి. పొద్దున మైదా, సాయంత్రం మైదా, మధ్యలో టీ. బండి ఆయన నా పుట్టుపూర్వోత్తరాలు అడగడు, చట్నీ చాలా అని మాత్రం అడుగుతాడు. ఇంత గౌరవం ఇంకెక్కడ దొరుకుతుంది?

చర్చిలో ప్రేమవిందు పెట్టినా నాది వీఐపీ హోదా! అందరూ బంతికి కూర్చోకముందే సంఘపెద్ద సత్యప్రసాద్ గారు బిర్యానీ ప్యాకెట్ తెచ్చి నా చేతిలో పెడతారు. గదికెళ్లి ప్రశాంతంగా తినమని, వీధి గేటు దాకా వచ్చి మరీ సాగనంపుతారు.

జైల్లో ఈ వైభోగం ఏదీ? అక్కడ వేళకు గంట కొట్టేవారు. నేను నీళ్లు పోసి పెంచిన తోటకూరే నా పళ్లెంలోకి వచ్చేది. లోపలున్నంత కాలం నా షుగర్ అదుపులో ఉండేది. బయటికొచ్చాక నాతోపాటు దానికీ స్వేచ్ఛ వచ్చింది! కాలి పుండు మానలేదు. ఇదే తిండి తింటే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు గారు చెప్పేశారు.

భయం వేసింది. సిగ్గు విడిచి ధవళేశ్వరంలో ఉంటున్న మా రెబెక్కా అక్కకు ఫోన్ చేశాను. బంగారం లాంటి మనిషి. మర్నాటి నుంచే ఆటోలో పథ్యం కూరలు పంపుతోంది. ఆనపకాయ, పొట్లకాయ, నూనె తక్కువ, ఉప్పు ఇంకా తక్కువ. పుండు మానుముఖం పట్టింది.

మా వైపు ఒకరింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి ఇవ్వరు. అందుకని మొదటి రోజు కూర రాకముందే జామకాయలు కొన్నాను. గిన్నెలో వేసి స్వయంగా పట్టుకెళ్లి, ఆ వంకన అక్కను చూసి వద్దామనుకున్నాను. తీరా చూస్తే కూర ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. పోనీ, డబ్బానే కడిగి తెచ్చిస్తానని ఫోన్ చేశాను.

"వద్దురా, అది పారేసేదే," అంది అక్క. మళ్లీ తనే, "అల్లుడుగారు వచ్చి ఉన్నారు. ఇప్పుడు రాకు," అంది.

ఆ అల్లుడుగారు ఇంకా వెళ్లినట్టు లేదు. డబ్బాలు మాత్రం రోజూ వస్తున్నాయి.

పాఠకులారా, మీలో ఎవరికైనా నాకింత తిండి పెట్టాలనిపిస్తే ఒక్క మనవి. కూర మాడినా సరే, స్టీలు గిన్నెలో పంపండి. తిరిగి ఇవ్వడానికి మీ ఇంటికి రావాలి కదా!