కాలిన స్లాబు కింద కాపురం

తగలబడిన బిల్డింగులో కాపురం ఉండటాన్ని మించిన భోగం ఇంకొకటి లేదు. నవ్వకండి! అనుభవం మీద చెబుతున్నాను.

మా బిల్డింగు మూడో అంతస్తులో పరుపుల గోడౌను అంటుకుంది. ఫైరింజన్లు వచ్చి పూటంతా నీళ్లు కొట్టి ఆర్పాయి. వెళ్తూ వెళ్తూ ఫైర్ ఆఫీసరు ఓ మాట అన్నాడు. "మంట ఆరింది గానీ ప్రమాదం ఆరలేదండీ. స్లాబులో ఇనుము కాగి పట్టు వదిలేసింది. ఇంజనీరు చూసేదాకా ఎవరూ లోపలికి వెళ్లొద్దు."

ఎంత పిరికివాడో చూడండి! మంటల్లోకి దూకిన మనిషి పైకప్పుకి భయపడటమేమిటి?

మా ఓనరు అలాంటివాడు కాదు. ఇంజనీరు బదులు పెయింటర్ని పిలిచాడు. రెండు కోటింగులకి మసీ పోయింది, పగుళ్లూ పోయాయి, మా భయమూ పోయింది. నాలుగో రోజుకల్లా అందరం తిరిగి చేరిపోయాం.

మా ఇల్లు సరిగ్గా ఆ గోడౌను కిందే. లాభాలు ఎన్నని చెప్పను? సీలింగు నడిమధ్య కాస్త కిందికి దిగింది, బూజు దులపడానికి స్టూలు అక్కర్లేదు! ముందు తలుపు బిగుసుకుపోయింది, తోయలేక చుట్టాలు గుమ్మంలోంచే వెనక్కి! ఓ రోజు పైనుంచి పెచ్చు ఊడి కాఫీలో పడితే, "కాల్షియం" అన్నాను మా ఆవిడతో. "అయితే మీరే తాగండి" అని పెట్టె సర్దుకుని వాళ్ల అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లంతా ప్రశాంతత!

ఈ సుఖం చూడలేకపోయింది ఒక్క టైలరమ్మే. కింద షాపు ఆమెది. ఓ మధ్యాహ్నం కుడుతూ కుడుతూ మెషీన్ ఆపిందట. పైన ఏదో ఫటఫటమని పగులుతోంది. గుడ్డ మీద జల్లెడ పట్టినట్టు దుమ్ము రాలుతోంది. అంతే, ఒక్కో తలుపూ బాదుకుంటూ పైకొచ్చింది. మా తలుపైతే రెండు తన్నులు తన్ని తెరిచింది.

"బాబాయ్, లేవండి! స్లాబు మూలుగుతోంది!"

"బాగానే ఉందని ఓనరు గారన్నారమ్మా," అన్నాను పేపరు దించకుండా.

"ఆయనేమన్నా దీని కింద పడుకుంటున్నాడా?" అంటూ రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

పదకొండు మందిని రోడ్డు అవతలికి తోలింది. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి బండ్లు ఆపేసింది. మెట్ల మీద జారిన చెప్పు కోసం నేను వెనక్కి తిరిగేలోపే మూడో అంతస్తు రెండోదాంట్లోకి, రెండోది మొదటిదాంట్లోకి, అన్నీ కలిసి ఆమె షాపులోకి దిగిపోయాయి. దుమ్ము తగ్గాక చూస్తే, మా హాలు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాను.

ఓనరు పరుగున వచ్చి తలలు లెక్కపెట్టాడు. "ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా! మరి ప్రమాదం ఎక్కడుంది?" అన్నాడు. కాదనగలరా?

మరుసటి వారం అధికారులు కదిలారు. నోటీసు పంపారు. ఓనరుకి అనుకున్నారా? టైలరమ్మకి! అనుమతి లేకుండా తాడు కట్టి రాకపోకలు ఆపినందుకు. సాక్షిగా నేనూ వాళ్ల ఆఫీసుకి వెళ్లాను.

"పర్మిషన్ ఎందుకు తీసుకోలేదమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

"అంత టైముంటే నా మెషీన్ బయటికి తెచ్చుకునేదాన్ని కద సార్," అంది ఆమె.

ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు: 'అనుమతి లేదు.'