చివరి వాక్యం మీద బొటనవేలు

ఎలక్ట్రానిక్ పుస్తకాన్ని తిట్టేవాళ్లకి మా ఇంట్లో కాఫీ ఇవ్వడం మానేశాను. మీరూ మానెయ్యండి!

విశ్వవిద్యాలయ గ్రంథాలయం పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి బీరువాలు ఖాళీ చేసిందంటే, అది సాహిత్యానికి చేసిన మహోపకారం. నమ్మరా? అయితే మా అక్క సంగతి వినండి.

అక్క ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, నలభై ఎనిమిదో ఏట పరిశోధనకు దిగింది. అంశం: పాత నవలల్లో ఉత్తరాలు.

కంప్యూటర్లోని ఈ గ్రంథాలయంలోకి అడుగు పెట్టాలంటే ఓటీపీ కావాలి. అది బావ ఫోనుకొస్తుంది. పెళ్లయిన పాతికేళ్లలో పగటిపూట ఫోను చేసుకోని దంపతులు ఇప్పుడు రోజుకు ఎనిమిదిసార్లు మాట్లాడుకుంటున్నారు.

"ఏమండీ, నంబరొచ్చిందా?"

"మీటింగులో ఉన్నానే! రాసుకో, నాలుగు, తొమ్మిది..."

ఏ కాగితం పుస్తకం ఏ కాపురాన్ని ఇంత దగ్గర చేసింది?

ఇక వెతుకులాట! "ఉత్తరం" అని కొట్టగానే పదకొండు వందల ఫలితాలు. అందులో వెయ్యి దాకా దిక్కులే. ఉత్తరం గాలి, ఉత్తరం గది, ఉత్తరం వైపు కిటికీ. సాహిత్యంతోపాటు అక్కకి భూగోళం కూడా వచ్చేసింది.

పది నిమిషాలు మౌస్ కదపకపోతే "మీరు లేరని భావించి ముగించాం" అంటుంది కంప్యూటర్. దాని తప్పేముంది? ఆలోచించే మనిషిని అదెప్పుడు చూసింది కనక!

ఇలా సుఖంగా సాగుతుండగా ఒక నవల చివరి పేజీ అక్కని ఆపేసింది. ఇల్లు విడిచి వెళ్లిన భార్య భర్తకు రాసిన ఉత్తరం అది. "మీరు రమ్మన్నారు. నేను" అని, తర్వాత మూడు చుక్కలు. అంతే!

"అదే దాని అందం, అమ్మా," అన్నారు అక్క పరిశోధనకి దారి చూపే గైడుగారు. "ముగించని ముగింపు! ఆ చుక్కల మీద నేను రాసిన వ్యాసానికి ఎంత పేరొచ్చిందో. నువ్వూ ఆ దారినే పో."

అక్కకి మనసొప్పలేదు. అసలు పేజీ ఫొటో తెరిచి చూసింది. చుక్కలు లేవు. చివరి మాట మీద ఎవరిదో బొటనవేలుంది! వేలు చదవడం రాక కంప్యూటర్ చుక్కలు పెట్టింది.

ఆ ఫొటో ప్రింటు తీసుకుని గ్రంథాలయం నేలమాళిగలో పుస్తకాలకి ఫొటోలు తీసే గుమాస్తా దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, తన వేలు పక్కన పెట్టి చూసుకున్నాడు.

"నాదేనమ్మా. తలుపులో నలిగిన గోరు, ఇదుగో. రోజుకు నాలుగొందల పేజీలు తియ్యమన్నారు. వేలు తీసే తీరికెక్కడిది?"

బీరువాల్లోంచి దింపి అక్కడ పడేసిన పుస్తకాల కట్టలు ఇద్దరూ రెండ్రోజులు విప్పారు. మూడో రోజు పుస్తకం దొరికింది. గుమాస్తాయే పైకి చదివాడు. "మీరు రమ్మన్నారు. నేను రాను."

చదివి, కట్టల మీదే కూలబడ్డాడు. "రానందా! మంచి పని చేసిందమ్మా."

అక్కకి సంతోషం వెంటే భయం పట్టుకుంది. నిజం రాస్తే గైడుగారి వ్యాసం గాల్లో కలుస్తుంది. ఆయన సంతకం లేనిదే పరిశోధన ముందుకు పోదు. మూడు రోజులు బెంగపడి, చివరికి పుస్తకం తీసుకెళ్లి ఆయన బల్లమీద పెట్టింది.

ఆయన ఆ వాక్యం చదివారు. మళ్లీ చదివారు. చెవులు ఎర్రబడ్డాయి. సంతకం పోయినట్టేననుకుంది అక్క.

"నేనీ నవల చదవలేదమ్మా," అన్నారు చిన్నగా. "కావలసిన మాట వెతికి, అది దొరికిన చోట మాత్రం చదివాను. నా వ్యాసం తప్పని రాసెయ్. సంతకం పెడతాను."

అలా అని మొదటి పేజీ తిప్పారు. అక్క కాసేపు నిలబడింది, కాసేపు కూర్చుంది, చివరికి చెప్పకుండానే వచ్చేసింది. ఆయన గమనించలేదు.

మూడు వారాలైంది. పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉంది. ఎప్పుడడిగినా "సగంలో ఉన్నానమ్మా" అంటున్నారట.

చూశారా కాగితం పుస్తకంతో వచ్చే తంటా? ఒకసారి మనిషి చేతికి చిక్కిందంటే వదిలిపెట్టడు!