ఏడు ఫ్లాపీల పరిరక్షణ

పాత కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్‌ను వెయ్యేళ్లు కాపాడతామని సాంకేతిక వారసత్వ శాఖ మంత్రి జగన్నాథరావు గారు ఈ నెల రెండున రాజమండ్రిలో ప్రకటించారు. వెయ్యేళ్లన్న లెక్క ఎలా వచ్చిందని విలేకరిగా నేను అడిగాను.

"వందేళ్లంటే నమ్మరండి," అన్నారు మంత్రిగారు. ఆ నిజాయితీని అక్కడే నోట్ చేసుకున్నాను.

ఈ పరిరక్షణ మిషన్ తొలి కేంద్రంగా పెదనక్కలంక తహసీల్దారు కార్యాలయాన్ని ఎంపిక చేశారు. అక్కడ 1993లో కొన్న కంప్యూటర్ ఉంది. దాని మీద డాస్‌లో నడిచే పట్టాల ప్రోగ్రాం ఉంది. ఇజ్రాయేల్‌పేటలోని నూట పన్నెండు ఇళ్ల స్థలాల వివరాలు ఏడు ఫ్లాపీల్లో ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర ఇంకెక్కడా లేవు. 1996 తుఫానులో ఆఫీసు రిజిస్టర్లూ, పేటలోని పట్టా కాగితాలూ కలిసే నీళ్లపాలయ్యాయి.

ఆ ప్రోగ్రాం రాసింది ఆపరేటర్ ఆశీర్వాదం గారు. రిటైరై పన్నెండేళ్లయింది. ఇప్పటికీ ప్రతి సోమవారం సైకిల్ మీద వచ్చి, డ్రైవ్ తుడిచి, ఫ్లాపీలన్నీ ఒకసారి తెరిచి చూసి పోతారు. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు.

ఈ నెల పదిహేను రీసర్వేకి గడువు. ఆలోగా పట్టా నకలు పెట్టనివారి స్థలాన్ని ఖాళీ స్థలం కింద రాస్తారు. పేటలో ఉండే వ్యవసాయ కూలీ ఏసమ్మ నకలు కోసం దరఖాస్తు పెట్టింది. సోమవారం ప్రింటు తీసిస్తానని ఆశీర్వాదం గారు చెప్పారు. సోమవారంలోగా మిషన్ మొదలైంది.

తహసీల్దారు ఉదయ్‌కుమార్ గారే మిషన్ డైరెక్టర్. ఆయన ముందుగా, బయటివారు కంప్యూటర్‌ను తాకరాదని ఉత్తర్వు ఇచ్చారు. తర్వాత ఇరవై నాలుగు గంటల సపోర్ట్ సెంటర్ తెరిచారు. నలుగురు సిబ్బంది, రెండు ఏసీలు, ఒక టోల్‌ఫ్రీ నంబరు. రాష్ట్రంలో ఆ ప్రోగ్రాం వాడేది ఆశీర్వాదం గారొక్కరే. ఏసమ్మకు ప్రింటు తీసివ్వమని ఆయన సెంటర్‌కి ఫోన్ చేశారు. నిపుణుడిని అడిగి చెబుతామన్నారు. ఐదు నిమిషాలకు ఆయన ఫోన్ మోగింది. ప్రింటు ఎలా తీయాలండీ అని సెంటర్ వాళ్లు అడిగారు. ఆయన చెప్పారు. వాళ్లు రాసుకుని, మళ్లీ ఆయనకే ఫోన్ చేసి, రాసుకున్నది చదివి వినిపించి, సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేశారు. తొలి వారం సక్సెస్ రేటు నూటికి నూరని బోర్డు పెట్టారు. ప్రింటు ఎవరూ తీయలేదు.

పన్నెండున డైరెక్టర్ గారు ఆశీర్వాదం గారిని పిలిపించి, ఫ్లాపీలు శాశ్వతంగా నిలవాలంటే ఏం చేయాలని అడిగారు.

"వాడుతుండాలండి. రెండేళ్లకోసారి కొత్తవాటిలోకి కాపీ చేసుకోవాలి. మా ఇంట్లో ఒక సెట్టు ఉందండి."

"అంటే డూప్లికేటా?"

ప్రభుత్వ రికార్డుకు డూప్లికేటు ఉంచుకోవడం నేరమని డైరెక్టర్ గారు వివరించారు. వయసు చూసి కేసు పెట్టలేదు. ఆ సెట్టు తెప్పించి, పంచనామా రాసి, కత్తెరతో ముక్కలు చేయించారు. ఇక ఒరిజినల్స్. డైరెక్టర్ గారి టెన్త్ సర్టిఫికెట్ ఇరవై ఆరేళ్లుగా చెక్కుచెదరలేదు. ఆ అనుభవంతో ఏడు ఫ్లాపీలనూ బస్టాండ్ దగ్గర షాపుకు పంపి లామినేషన్ చేయించారు.

"వేడి రోలర్లలోంచి పోయాయాండి?" అని ఆశీర్వాదం గారు అడిగారు.

"రెండుసార్లు."

ఆశీర్వాదం గారు కుర్చీలో కూర్చున్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

పద్నాలుగున మంత్రిగారు ప్రారంభోత్సవం చేశారు. కడియం నుంచి పూలు తెప్పించి ఫ్లాపీలకు దండలు వేశారు. ఏసమ్మ లేచి, రేపే గడువని, నకలు ఇప్పించమని అడిగింది. మంత్రిగారు ఆమెను వేదిక మీదికి పిలిచి మూడో ఫ్లాపీ చేతిలో పెట్టారు.

"నీ పట్టా ఇందులోనే ఉందమ్మా. ఇక తుఫానొచ్చినా తడవదు."

"దీన్ని ఎలా చదవాలండి?"

"చదవడం దేనికమ్మా, భద్రంగా ఉంటే?"

సభ చప్పట్లు కొట్టింది. మర్నాడు రీసర్వే కౌంటర్లో ఫ్లాపీ తీసుకోలేదు. జిరాక్స్ తెమ్మన్నారు. జిరాక్స్‌లో నల్ల చదరం, మధ్యలో తెల్ల సున్నా వచ్చాయి. ఒరిజినల్‌తో సరిచూశానని ఉదయ్‌కుమార్ గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. సాయంత్రానికి పేటలో మిగతా నూట పదకొండు ఇళ్లవారూ అదే ఫ్లాపీని జిరాక్స్ తీయించి కౌంటర్లో పెట్టారు.

పద్దెనిమిదిన రీసర్వే జాబితా అంటించారు. పేట మొత్తం గణేష్‌బాబు గారి పేరున ఉంది. ఆయన మండపేటలో రైస్‌మిల్లు యజమాని, మంత్రిగారి బావమరిది. ఆయన పెట్టింది కూడా ఒక జిరాక్సే, దాన్నీ జాబితా పక్కనే అంటించారు. నల్ల చదరం, మధ్యలో తెల్ల సున్నా, కింద ఆకుపచ్చ సంతకం. ఏసమ్మ తన కాగితాన్ని దాని పక్కన పెట్టింది.

"రెండూ ఒకటేనండి."

"ఒకటేనమ్మా. అందుకే రెండూ చెల్లుతాయి," అన్నారు ఉదయ్‌కుమార్ గారు. "స్థలం ఆయనది, ఇల్లు నీది. నీ ఇంటి జోలికి ఎవరూ రారు. శనివారంలోగా దాన్ని అక్కణ్ణించి తీసుకెళ్తే చాలు."

ఏసమ్మ కాగితం మడిచి కొంగున కట్టుకుంది.

"గోడలు కూడానాండి?"

"అన్నీ నీవేనమ్మా. ప్రభుత్వం ఒక్క ఇటుక కూడా ఉంచుకోదు."