భానుమతి కర్చీఫులు

శనివారం పొద్దున్నే యోగానంద్ డ్రైవర్ టోపీ పెట్టుకుని అమెరికాలో, ఫ్రిస్కోలోని తన ఇంట్లో అద్దం ముందు నిలబడ్డాడు. ఇంజనీరుగా రిటైరయ్యాక ఆయన ధ్యాసంతా ఒక పాత బస్సు మీదే. తన తాతల కాలం నాటి ఆ బస్సును పాత బస్సుల క్లబ్బు వాళ్లతో కలిసి నాలుగేళ్లపాటు బాగుచేశాడు. చెరువు దాకా దాని తొలి షికారు ఈ రోజే. నడిపేది ఆయనే.

సంతోషించాల్సిన రోజే గానీ, ఆయన మొహంలో కళ లేదు.

"సీట్లు నిండకపోతే బస్సు అమ్మేస్తానన్నాడు హెరాల్డ్. ఎవరో రెస్టారెంట్ ఓనర్ అడుగుతున్నాట్ట. గేటు దగ్గర పెట్టి, కిటికీలకి పూలకుండీలు వేలాడదీస్తాట్ట!" హెరాల్డ్ అంటే క్లబ్బు ప్రెసిడెంటు.

"నేనుండగా పూలకుండీలేంటండీ? మనవాళ్లందరికీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టేశాగా. అందరూ పక్కాగా వస్తున్నామన్నారు," అంది ఆయన భార్య భానుమతి.

తీరా వెళ్తే, మనవాళ్లు ఒక్కరూ రాలేదు. అమెరికన్లు మాత్రం అప్పటికే బస్సు తలుపు ముందు బుద్ధిగా క్యూ కట్టారు. వీళ్లే ఎక్కేస్తే మనవాళ్లకి సీట్లుండవని భానుమతి కంగారుపడింది. పిలిచి మరీ సీటు లేకుండా చేసిందని గ్రూప్‌లోని రష్మి ఏడాదిపాటు దెప్పుతుంది. భానుమతి చదువుకునే రోజుల్లో గుడివాడ బస్టాండులో ఆమె గురికి మంచి పేరుండేది. తలుపు మూసి ఉంటేనేం, కిటికీలు తెరిచే ఉన్నాయి. బ్యాగులోని కర్చీఫులు, మెడలోని చున్నీ, కారు డిక్కీలోని తువ్వాళ్లు, చివరికి మొగుడి మంకీ క్యాప్ కూడా కిటికీల్లోంచి సీట్ల మీదికి విసిరేసింది. సగం బస్సు మనవాళ్లదైపోయింది.

తలుపు తీశారు. ఎక్కినవాళ్లు సీట్ల మీది గుడ్డలు చూసి ఆగిపోయారు. హెరాల్డ్ కంగారుగా యోగానంద్ దగ్గరికి వచ్చాడు.

"ఏమిటివి?"

యోగానంద్‌కి చూడగానే విషయం అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేక, "మా ఊరి బస్సుల్లో ఆచారం," అని గొణిగాడు.

ఇతరుల ఆచారాలంటే హెరాల్డ్‌కి మహా గౌరవం. వెంటనే అందరికీ వినిపించేలా, "మిత్రులారా, ఇవి పవిత్రమైనవి. దయచేసి ముట్టుకోకండి!" అని ప్రకటించాడు. ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. మిగతావాళ్లు నడవలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. నిలబడ్డవాళ్లతో బస్సు కదపకూడదన్నది క్లబ్బు నియమం. కూర్చోమనేందుకు సీట్లు లేవు. వెనకాల ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దిగి కార్ల వైపు నడిచారు.

భానుమతి రష్మికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారే?"

"ఇప్పుడే రెడీ అవుతున్నాం ఆంటీ! టెన్ అంటే ఎలెవెన్ కదా? మా సీట్స్ ఉంచండి ప్లీజ్!"

భానుమతి భర్త వైపు చూసింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని స్టీరింగును నిమురుతున్నాడు. రష్మి దెప్పితే దెప్పనీ అనుకుని ఆమె గబగబా బస్సెక్కింది. వెళ్లిపోతున్నవాళ్లను చప్పట్లు కొట్టి వెనక్కి పిలిచింది. ఒక్కో గుడ్డా తీసి ఒక్కొక్కరి చేతిలో పెట్టి, "సిట్, సిట్! దిస్ ఈజ్ యువర్స్!" అంటూ కూర్చోబెట్టింది. వాళ్లు దాన్ని దీవెనగా తీసుకుని మెడకు చుట్టుకున్నారు. పెద్దాయన మంకీ క్యాప్ తగిలించుకున్నాడు. బస్సు నిండా జనంతో కదిలింది. యోగానంద్ అవసరం లేకపోయినా హారన్ కొట్టాడు.

చెరువు దగ్గర ఆగేసరికి వెనకాలే కార్ల వరుస. పులిహోర డబ్బాలతో మనవాళ్లంతా దిగారు.

"ఆంటీ, మా సీట్లేవి?" అంది రష్మి.

"ఈ సీటు ఆవిడ నాకిచ్చింది. లేచేది లేదు," అన్నాడు మంకీ క్యాప్ పెద్దాయన.

"ఆ క్యాప్ వేసింది మా కోసం అంకుల్!"

గొడవ ముదిరింది. హెరాల్డ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తన బస్సులో సీటు కోసం మనుషులు కొట్లాడుకోవడం ఆయన జన్మలో చూడలేదు. ఆనందంతో ఆయన కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే రెస్టారెంట్ ఓనర్‌కి ఫోన్ చేసి, బస్సు అమ్మేది లేదని చెప్పేశాడు. మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు వేస్తామని, ఇకనుంచి నెలనెలా షికారేనని ప్రకటించాడు. యోగానంద్ టోపీ సర్దుకుని, భార్య చెయ్యి పట్టుకుని, "భానూ, నువ్వు లేకపోతే పూలకుండీలే," అన్నాడు.

మరుసటి నెల భానుమతి అందరికంటే ముందు రావాలని కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది. ఈసారి తన ఒక్కదాని కోసం ఒకే ఒక్క కర్చీఫు తెచ్చుకుంది. విసరబోతూ కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. ప్రతి సీటు మీదా ఎర్రటి కౌబాయ్ రుమాలో, టోపీయో ఉంది. వెనక సీటు మీద మంకీ క్యాప్ కూడా ఉంది.

ఆ ట్రిప్పంతా భానుమతి కారులో బస్సు వెనకాలే వెళ్లింది.