చప్పుడు చేయని పంపు

ఆ సోమవారం ఉదయం సెక్రటరీగారి కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు కిందికి దిగి కొత్త పంపును చూసి రావడం. అపార్టుమెంటు ఈతకొలనుకు పాత పంపు తీయించి, వేగం తగ్గించుకునే వీలున్న పంపు పెట్టించింది ఆయనే. "నిదానంగా రోజంతా తిరుగుతుంది సార్. పాతదాంట్లో పావువంతు కరెంటు చాలు," అని చెప్పి వెళ్ళాడు మెకానిక్. "ఆదా కాకపోతే రాజీనామా చేస్తా!" అని సెక్రటరీగారు మీటింగులో తొడగొట్టారు. ఇంట్లో ఆయన మాట ఎవరూ వినరు. వినేది ఆ మీటింగులోనే. ఇవన్నీ నాకెలా తెలుసంటే, రోజూ గడ్డం గీసుకునేటప్పుడు ఆయన నాకు అద్దంలో కనిపిస్తారు.

పంపుగదిలో చడీచప్పుడూ లేదు. పాత పంపు మోతకు మూడో అంతస్తులో గిన్నెలు అదిరేవి. 'ఎవరో ఆపేసినట్టున్నారు' అనుకుని ఆయన బటన్ నొక్కారు. టక్కుమంది. ఆ మాత్రం చప్పుడుకే మనసు కుదుటపడి, ఇంకెవరూ వేలు పెట్టకుండా గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు.

మూడో రోజు పంపుగది బయటున్న మీటరు చూసి ఆయనకు కాళ్ళు నేలమీద నిలవలేదు. మూడు రోజులకు రెండంటే రెండు యూనిట్లు! అనుమానించాల్సిన మనిషి పొంగిపోయి, ఆ అంకెను నోటీసు బోర్డు మీద పెద్దగా రాశారు. ఆదివారం మీటింగుకు పక్క వీధి అపార్టుమెంట్ల సెక్రటరీలను కూడా పిలిచేశారు.

పంపు వద్దని ఓటేసిన మొదటి అంతస్తు మాస్టారు ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నారు. "ఏమయ్యా, నీళ్ళు మసకబారాయేం?"

"కొత్త పంపు నిదానం మాస్టారూ. శుభ్రం కూడా నిదానంగానే చేస్తుంది."

ఐదో రోజుకు నీళ్ళు పచ్చబడ్డాయి. "చెట్ల నీడ," అన్నారు సెక్రటరీగారు.

"ఒక్కసారి ఆ గది తలుపు తీసి చూడకూడదూ?" అంది భార్య.

"నాకు తెలియదా?" అన్నారాయన. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం కొలను చుట్టూ జనం. ఆదా గురించి ఆయన అరగంట దంచారు. మాస్టారు చెయ్యెత్తారు. "అంత బాగుంటే నువ్వే దిగు బాబూ."

వెనక్కి తగ్గితే పదవి గోవిందా. దిగారు, మునిగారు. లేచేసరికి నెత్తిన నాచు, చెవిలో ఒక ఆకు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కబురందుకుని వచ్చిన మెకానిక్ గది తెరిపించి, పంపు మీదున్న చిన్న తెర చూశాడు. "దీనికి ఏ రోగమూ లేదు సార్. సోమవారం పొద్దున ఆరూ పదికి ఎవరో ఆపేశారు."

"ఎవడా బుద్ధిమంతుడు?" అని తాళంచెవి ఊపుతూ గర్జించారు సెక్రటరీగారు. అందరూ ఆ చెవి వైపు చూశారు. అందరికన్నా ఆఖరున ఆయన చూశారు.

"మరి... ఆ రెండు యూనిట్లు?"

"ఈ గది గుమ్మం మీది బల్బువి సార్."

సిగ్గుతో చచ్చినంత పనైంది. తడిచేత్తోనే రాజీనామా రాసిచ్చారు. మాస్టారు దాన్ని చదవకుండానే చింపేశారు. "నువ్వు పోతే ఈ గొడవ నా నెత్తిన పడుతుంది. పదవి నీ దగ్గరే ఉండనీ. చెవి మాత్రం మీ ఆవిడకిచ్చెయ్." అన్ని చేతులూ ఒక్కసారి లేచాయి. అన్నిటికన్నా ముందు లేచింది భార్య చెయ్యే.

పంపు ఇప్పుడు నిజంగానే కరెంటు ఆదా చేస్తోంది. అయితే ఆ మొదటి వారం రికార్డును మాత్రం ఇంతవరకు అందుకోలేకపోయింది.