నల్లరాయికి ఎడమ పక్క

పొద్దున్నే బయలుదేరి, కొండల మధ్యకు చొచ్చుకుపోయిన సముద్రపు పాయలోకి తెరచాప పడవలో వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చెయ్యాలన్నది బావమరిది పథకం. పడవ కొత్తది. పదేళ్లపాటు ఒక్కో చెక్కా కోసి సొంత చేతులతో కట్టుకున్నాడు. ఆ పాయ పేరెత్తితే అనుభవజ్ఞులకే గుండె దడ. అతనికి మాత్రం బెంగ లేదు. ప్రమాదకరమైన పాయలన్నిటికీ దారి చెప్పే పుస్తకం రాసిన మాస్టారు సాక్షాత్తూ అతని అక్క మొగుడు.

"మీ పుస్తకం నాకు కంఠతా వచ్చు బావగారూ. మీరు ఊరికే కూర్చోండి చాలు."

మాస్టారు ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆయన ఆ పాయలోకి ఎప్పుడూ వెళ్లలేదు. ఆ మాటకొస్తే ఏ పాయలోకీ వెళ్లలేదు. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. పుస్తకమంతా కొండల మీద కూర్చుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ, దుర్భిణిలో చూసి రాశారు. ఇంటి దగ్గరే చెప్పేస్తే పోయేది. పరువు అడ్డమొచ్చి నోరు మూసుకున్నారు.

పాయ మొదట్లో నల్లరాయి కనబడింది. "నల్లరాయికి ఎడమ పక్కనుంచి నిశ్చింతగా పోవచ్చు," అని పాఠం అప్పజెప్పి బావమరిది చుక్కాని తిప్పాడు. మాస్టారికి అప్పుడు వెలిగింది. కొండ మీద తను కూర్చున్నది సముద్రం వైపు తిరిగి! అక్కణ్ణుంచి ఎడమ అయినది, సముద్రం నుంచి వచ్చేవాడికి కుడి అవుతుంది.

"కాస్త ఆగవయ్యా..." అనేలోపే పడవ ఇసుకమేట ఎక్కి, ఫెళ్లుమని పక్కకి ఒరిగింది.

"నేనే ఎక్కడో తప్పు చేసుంటాను. మీరు రాసిందాంట్లో తప్పెందుకుంటుంది?" అన్నాడు బావమరిది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అయినా, "గాలి మారిందిలే," అన్నారు. సిగ్గులేని నోరు!

ఈల వెయ్యగా వెయ్యగా మరో పడవ వచ్చింది. అందులో ఉన్నది ముసలి కెప్టెన్. 'ప్రతి దారీ స్వయంగా సరిచూశాను' అని ఆ పుస్తకానికి ముందుమాట రాసిన పెద్దమనిషి. "కంగారు పడకండి, వచ్చేస్తున్నా!" అంటూ ఆయనా ఎడమ పక్కనుంచే వచ్చి, దర్జాగా పక్కనే ఒరిగారు.

నీళ్లు వెనక్కి పోయాయి. మళ్లీ పోటు వచ్చేదాకా పడవలు కదలవు. పీతలు ఏరుకుంటున్న ఒకావిడ బురదలో నడుచుకుంటూ వచ్చింది.

"రాయికి అటుపక్క రెండు నిలువుల లోతుంటే, ఇటు రమ్మని ఎవరు చెప్పారయ్యా?"

"పుస్తకం నేనే సరిగ్గా చదవలేదమ్మా," అన్నాడు బావమరిది, పగిలిన చెక్కను అరచేత్తో నిమురుతూ. "నాకీ పని చేతకాదు. పడవ అమ్మేస్తాను."

మాస్టారు ఇక ఆగలేకపోయారు. "చేతకానిది నీకు కాదు, నాకు. నేనెప్పుడూ లోపలికి రాలేదు. కొండ మీంచి చూసి రాశాను. కుడి ఎడమలు తారుమారు చేశాను." చెప్తుంటే ఆయన చెవులు కాలిపోయాయి. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ, కాళ్ల కింద ఉన్నది ఇసుక.

బావమరిది చెక్క మీంచి చెయ్యి తీసి ఆయన వైపు తిరిగాడు. కెప్టెన్ గొంతు సవరించుకున్నారు. "నేనూ పుస్తకం చదవకుండానే ముందుమాట రాశానయ్యా. దాన్ని తెరవడం ఇవాళే."

సాయంత్రం పోటు వచ్చి పడవలు తేలాయి. బావమరిది పొడుగాటి కర్ర ఒకటి తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"దిగండి బావగారూ. ముందు మీరు నడవండి. మీ వెనకే మేం వస్తాం."

మలి ముద్రణలో ఆ పాయ లోతులు చాలా కచ్చితంగా ఉన్నాయి: మోకాలు, నడుము, మెడ.